యంత్రభాగములలో లోహపరీక్ష



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము కావ్యము గాదు, వ్యాకరణమును గాదు. మోటారుసైకిలు ఇంజనునందలి చిన్నభాగములు ఏయే లోహములతో చేయబడినవో, వానిని సామాన్యుడు ఏ యుపాయములచే గుర్తింపవచ్చునో చెప్పదలచితిని. జీవితమంతయు పిల్లలకు పద్యములు చెప్పిన పంతులునకు ఇనుపముక్కలతో పని యేమని మీరు నవ్వవచ్చును. ఆ పని నాకు ఒక తగవు మూలమున కలిగినది.

గడచిన పసుపు ఉడుకబెట్టు కాలమున, ఆర్మూరు చెంతనున్న యొక గ్రామములో ఒక రైతు బండి క్రిందపడి, దాని కార్బురేటరు చెవి విఱిగెను. చెవి రెండు తునుకలాయెను. పెద్దతునుకను, బండిని అతడు మెకానిక్కునకు అప్పగించి, చిన్నతునుకను తన యింటి గూటిలో పెట్టుకొనెను. ఆ మెకానిక్కు నా పాతశిష్యుడు, కమ్మరి యింట పుట్టినవాడు. విఱిగిన చెవిని గ్యాసుమంటతో అతుకబూని, లోహము ఎఱ్ఱబడునేమోయని చూచుచుండెను. అది ఎఱ్ఱబడలేదు. చూచుచుండగనే కార్బురేటరు మొత్తము కుప్పగూలి, బల్లపై వెన్నవలె కరగిపోయెను. రైతు కోపముతో, “నాది మంచి అల్యూమినియపుది. దాన్ని దాసుకొని నాసిరకం పెట్టినవ్” అనెను. మెకానిక్కు కన్నీళ్లు పెట్టుకొని, “సారూ, తాతల కాలం నుంచి కొలిమి ముందర కూసున్నోళ్లం. ఎర్రగ కాకముందే కరిగే లోహాన్ని నేను సూడలే” అని నాతో మొఱపెట్టుకొనెను. తగవు పెద్దలకడకు వచ్చినది. దొంగతనము మోపబడిన పడుచువాని అంగడి మూతపడు స్థితి. పెద్దలు నన్నును పిలిపించిరి. నేనేమి తేల్చితినో చివర చెప్పెదను. తేల్చుటకు కావలసిన విద్యను ముందుగా వినుడు.

ఈ విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఆర్మూరు గుట్టపై నవనాథసిద్ధులు తపస్సు చేసిరని మన పెద్దలు చెప్పుదురు. ఆఱును మూడును కలిసి తొమ్మిది యగుటచే ఊరికి ఆ పేరు వచ్చెనందురు. నాథసిద్ధులనగా రసవాదులు, లోహముల గుణమెఱిగినవారు. కథ మాట యటుండనిండు. చరిత్రకెక్కిన సంగతి యొకటి కలదు. నేటి నిజామాబాదు జిల్లాలో కమ్మర్‌పల్లి ప్రాంతమునందలి కోనసముద్రము అను గ్రామము ఒకప్పుడు ఉక్కునకు దేశదేశముల పేరుగాంచినది. ఊక కలిపిన మట్టితో మూసలు చేసి, అందు ఇనుమునుంచి, మూతిబిగించి, కొలిమిలో దీర్ఘకాలము కాల్చి, ఉక్కుముద్దలను తీసెడివారు. సర్వే శాఖలో వైద్యుడుగను భూగర్భశాస్త్రజ్ఞుడుగను ఉండిన హెన్రీ వాయిసీ ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వర్ణనము, 1824లో అతడు గతించిన పిదప, 1832లో అచ్చుపడినది. పారసీకవర్తకులు ఆ ఉక్కుకొఱకు అంతదూరమునుండి వచ్చెడివారు. డమాస్కసు కత్తులని లోకము మెచ్చిన కత్తులు ఇట్టి మూసయుక్కుతో చేసినవే. అట్టి యుక్కునకు పాశ్చాత్యులు పెట్టిన ‘వూట్జ్’ అను పేరు మన ‘ఉక్కు’ మాటనుండియే పుట్టినదని పండితుల యభిప్రాయము.

మన రసశాస్త్రగ్రంథములలో ‘రసరత్నసముచ్చయము’ ఇనుమును మూడువిధములుగా విభజించినది: ముండము, తీక్ష్ణము, కాంతము. ముండములో కడారమను భేదము సుత్తిదెబ్బకు పగులుననియు, పగిలినచోట నల్లగా నుండుననియు ఆ గ్రంథము చెప్పును. నేడు మనము పోతయినుము అనుదాని లక్షణము సరిగా నిదియే. తీక్ష్ణము మన ఉక్కు. సూదంటురాతి గుణము గలది కాంతము. రసకమను ఖనిజమునుండి తీసిన సత్త్వము తగరమును బోలియుండునని కూడ అందే కలదు. ఆ సత్త్వమే యశదము, అనగా మనవారు తుత్తునాగమనునది. ఒక లోహము మఱియొక లోహమువలె కనబడి కన్నును మోసగించునని పూర్వులు గుర్తించిరనుటకు ఇది నిదర్శనము. వారు విఱిచి చూచి, కాల్చి చూచి, తూచి చూచి నిర్ణయించిరి. మనమును అట్లే చేయవలెను.

ఇక ఇంజనును విప్పుదము. ఒక్కయింజనులో ఇన్ని లోహములేల? ఒక్కొక్కచోట ఒక్కొక్క గుణము కావలయును గనుక. పిస్టను నిమిషమునకు కొన్నివేల పర్యాయములు క్రిందుమీదులగును. తేలికగా నుండవలెను, వేడిని వెంటనే విడువవలెను. కావున దానిని అల్యూమినియముతో, నూటికి సుమారు 12 పాళ్లు సిలికాను కలిపి పోయుదురు. పిస్టను తిరుగాడు సిలిండరు లోపలిగోడ పోతయినుముది. ఆ యినుములో సన్నని నల్లసీసపుపొరలు, అనగా పెన్సిలులోని పదార్థమే, ఉండును. అవి నూనెను పట్టియుంచి రాపిడిని తగ్గించును. నేటి చిన్నబండ్లలో పెక్కింటికి సిలిండరు వెలుపలిభాగము అల్యూమినియమైనను, లోపలి గొట్టము పోతయినుమే. పిస్టను రింగులు పోతయినుమో, ఉక్కో, పైన క్రోమియపు పూతతో నుండును. కనెక్టింగు రాడ్డు, క్రాంకు, గేర్లు సాగగొట్టిన ఉక్కు. రాడ్డు చిన్నకంటిలో బుష్షు ఉన్నచో అది సాధారణముగా కంచుజాతిది. బేరింగు గుండ్లు మిక్కిలి గట్టియుక్కు. పెట్రోలు పాఱు జెట్లు ఇత్తడివి. నూనెబోల్టు క్రింది వాషరు రాగిదో అల్యూమినియపుదో. అయస్కాంతచక్రము ప్రక్కనున్న చుట్టలు రాగితీగ. కార్బురేటరు దేహము కొన్నింట అల్యూమినియము, పెక్కింట యశదపు మిశ్రలోహము. తగవంతయు ఈ చివరి మాటలోనే యున్నది.

నియమమునకు మినహాయింపులును కలవు. మదరాసులో 1955 మొదలుకొని తయారైన పాత ఎన్‌ఫీల్డు బుల్లెట్టు బండ్లలో సిలిండరు పోతయినుముది, కనెక్టింగు రాడ్డు మాత్రము అల్యూమినియపు మిశ్రలోహము. రాడ్డన్నంత మాత్రమున ఉక్కని తలచువాడు అక్కడ పొరపడును. కావున పేరును బట్టి గాక పరీక్షను బట్టి నిర్ణయింపవలెను.

పరీక్షలు ఆఱు. మన పసుపు బేరమును తలచుకొన్నచో అవి తేలికగా మనసున నిలుచును. కొమ్మును చేతబట్టి బరువు చూతుము, ఫట్టున విఱిచి చప్పుడు విందుము, విఱిగినచోట రంగు చూతుము, గోటితో గీరుదుము. ఇంతకు మించి లోహపరీక్షలో రహస్యమేమియు లేదు.

మొదటిది కన్ను. భాగమును కిరసనాయిలుతో కడిగి, కనబడనిచోట ఆకురాయితో ఒక్కసారి గీరవలెను. పైపూతను నమ్మరాదు. బంగారు రంగు పూత పూసిన బోల్టు లోపల ఉక్కే. గీరినచోట ఎఱుపైన రాగి, పసుపైన ఇత్తడి, పసుపులో ఎఱుపుచాయ కలిగిన కంచు. తెల్లగా నున్నచో అల్యూమినియము, యశదము, మెగ్నీషియము, ఉక్కు ఈ నాలుగింటిలో ఏదియైన కావచ్చును. కన్ను ఇక్కడ ఓడిపోవును.

రెండవది సూదంటురాయి. పగిలిన స్పీకరునందలి అయస్కాంతము చాలును. అంటుకొన్నచో ఇనుమో, ఉక్కో. అంటుకొననిచో ఇనుము గాదని తొందరపడి చెప్పరాదు. పొగపోవు వైపునున్న వాల్వు నిరంతరము నిప్పులో నుండును గనుక, దానిని క్రోమియము మొదలైనవి కలిపిన వేడికోర్చు ఉక్కుతో చేయుదురు. అందులో ఒక జాతిని సూదంటురాయి లాగదు. కొన్ని వాల్వులకు తల ఒకజాతి ఉక్కు, కాడ మఱియొక జాతి ఉక్కు. కాడ అంటుకొనును, తల అంటుకొనదు. అది దోషము కాదు, చేసినవాని నేర్పు.

మూడవది తూకము, నాకు మిక్కిలి యిష్టమైనది. వస్తువు తన పరిమాణముగల నీటికంటె ఎన్నిరెట్లు బరువో కనుగొన్నచో లోహము సగము తెలిసినట్లే. కంసాలి త్రాసున వస్తువును గాలిలో తూచుడు. పిమ్మట దారముతో వ్రేలాడగట్టి నీటిలో ముంచి, పాత్రకు తగులకుండ తూచుడు. నీటిలో తగ్గిన బరువుతో గాలిలోని బరువును భాగింపుడు. మెగ్నీషియమునకు 1.7, అల్యూమినియమునకు 2.7, యశదమునకు 7.1, పోతయినుమునకు 7.2, ఉక్కునకు 7.8, ఇత్తడికి 8.5, రాగికి 8.9, సీసమునకు 11.3 వచ్చును. మిశ్రమమును బట్టి కొంచెము హెచ్చుతగ్గులుండును. వస్తువుపై గాలిబుడగలు అంటుకొనకుండ చూడవలెను. లోపల బోలుగానున్న భాగములకు ఈ లెక్క పనికిరాదు. మిక్కిలి చిన్నవైనచో, పది జెట్లను ఒక్కటిగా కట్టి తూచినయెడల తప్పు తగ్గును.

నాలుగవది ఆకురాయి. ఆకురాయి మెత్తగా కోసినచో మెత్తనిలోహము. జాఱిపోయినచో నీరుపట్టిన గట్టియుక్కు. బేరింగు గుండ్లు, గేరుపండ్లు ఇట్టివి. పోతయినుమును రాచినచో నల్లనిపొడి రాలి, వ్రేళ్లకు పెన్సిలుమసి యంటును. ఉక్కుపొడి మెఱయుచు సన్నని ముళ్లవలె నుండును.

ఐదవది చప్పుడు. ఉక్కును దారమున వ్రేలాడదీసి తట్టినచో గంటవలె మ్రోగును. పోతయినుము బొంగురుగా పలికి ఊరకుండును. ఉక్కుభాగము బొంగురుగా పలికినచో ఎక్కడనో సన్నని పగులున్నదని శంకింపవలెను. కనెక్టింగు రాడ్డును మఱల బిగించునప్పుడు ఈ పరీక్షను మఱవరాదు.

ఆఱవది నిప్పురవ్వ. సానచక్రమునకు తాకించినచో రాలు రవ్వలను చీకటివైపు చూడవలెను. మెత్తయుక్కు పొడవైన గడ్డిరంగు రేఖలను, అక్కడక్కడ చీలికలను ఇచ్చును. గట్టియుక్కు తెల్లని రవ్వలను, చివరల దీపావళి చిచ్చుబుడ్డివలె దట్టముగా విచ్చుకొను పూలను ఇచ్చును. పోతయినుము పొట్టియైన ఎఱ్ఱనిరవ్వలను ఇచ్చును. తుప్పుపట్టని ఉక్కునకు పూలు ఉండవు. రాగి, ఇత్తడి, అల్యూమినియములకు రవ్వలే ఉండవు. ఈ పూలకు కారణము ఇనుములోని బొగ్గుసారము, అనగా కర్బనము. మెత్తయుక్కులో అది నూటికి 0.3 లోపు, గట్టియుక్కులో 0.6 మొదలు 1.5 వఱకు, పోతయినుములో 2 మొదలు 4 వఱకు ఉండును. మూసలో మూతిబిగించి ఇనుమునకు ఈ కర్బనమును తగుపాటిగా పట్టించుటయే కోనసముద్రము కమ్మరుల విద్య. వారి మనుమల సానచక్రముమీద నేడు వికసించు పూలలో కనబడునది ఆ రహస్యమే.

ఇచట మిమ్ము గట్టిగా హెచ్చరింపవలసియున్నది. తెల్లని తేలికలోహమును ఎన్నడును సానచక్రమునకు పెట్టరాదు. అల్యూమినియము చక్రపురంధ్రములలో కూరుకొనిపోయి, వేడెక్కి చక్రమును పగులగొట్టును; తునుకలు కన్నులకు తగులును. అది మెగ్నీషియమైనచో దాని పొడి భగ్గున మండును. కొన్ని విదేశపు బండ్ల మూతలును, పొలములో వాడు గడ్డికోత యంత్రములు, చెట్లు కోయు రంపపుయంత్రములు కొన్నింటి దేహములును మెగ్నీషియపు మిశ్రలోహములే. మండుచున్న మెగ్నీషియముపై నీరు పోసినచో మంట ఇనుమడించును. పొడియిసుకతో కప్పి దూరముగా నుండవలెను. కాబట్టి అల్యూమినియమా, మెగ్నీషియమా యను శంక కలిగినప్పుడు సిర్కాను వాడుడు. గీరిన తెల్లనిచోట ఒక చుక్క సిర్కా వేసినయెడల, మెగ్నీషియము నురగలు గ్రక్కును. అల్యూమినియము కదలక మెదలక యుండును. పరీక్ష ముగిసిన పిదప నీటితో కడిగి తుడువవలెను. సున్నము తగిలిన పసుపు ఎఱ్ఱనగునట్లు, లోహములును తమకు సరిపడని రసము తగిలినప్పుడు తమ స్వభావమును తామే బయటపెట్టుకొనును.

ఇంత తెలిసికొని ప్రయోజనమేమి? మొదటిది, అతుకుట. పోతయినుమును సామాన్యమైన ఉక్కు కడ్డీతో, ముందుగా వెచ్చచేయక అతికినచో, చల్లారుచుండగనే అతుకుప్రక్కన పగులును. యశదపుభాగమును గ్యాసుమంటకు చూపనేరాదు; దాని పొగ పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరము వచ్చును. అట్టిదానిని రసాయనపు జిగురుతోనో, క్రొత్తభాగముతోనో సరిచేయవలెను. రెండవది, బిగించుట. ఇంజను క్రిందిభాగము అల్యూమినియము, నూనెబోల్టు ఉక్కు. బలముకొలది బిగించినచో బోల్టునకేమియు గాదు, దేహమునందలి మఱలు ఊడివచ్చును. మూడవది, నడుపుట. వేడికి అల్యూమినియము పోతయినుముకంటె రెట్టింపునకు దగ్గఱగా ఉబ్బును. 50 మిల్లీమీటర్ల పిస్టను 200 డిగ్రీల వేడి పెరిగినచో మిల్లీమీటరులో అయిదవవంతు పెద్దదగును. సిలిండరు అందులో సగము మాత్రమే పెరుగును. నూనె లేక నడిపినచో ఈ సన్నని సందు పూడిపోయి పిస్టను పట్టివేయును. బండి వడిగా పోవుచున్నప్పుడు అట్లు జరిగినచో వెనుకచక్రము నిలిచిపోయి మనిషి పడిపోవును. నూనె చూచుకొమ్మని మనుమనికి చెప్పు తాత, ఒక ప్రాణమును కాపాడుచున్నాడన్నమాట. నాలుగవది, అమ్ముకొనుట. పాతసామానును కలగలుపుగా తూచియిచ్చినచో రాగి, ఇత్తడి, అల్యూమినియము ఇనుము ధరకే పోవును. ముందుగా వేఱుచేసినవాడు నష్టపడడు.

ఈ పరీక్షలకు హద్దులు కలవు. జాతిని చెప్పునేగాని, లోపలి పాళ్లను చెప్పవు. రెండు పిస్టనులు ఒకే తూకము తూగవచ్చును; ఒకటి నాలుగేండ్లు నడచును, మఱియొకటి నాలుగునెలలకే అఱుగును. నగల అంగళ్లలో బంగారపు మచ్చు చూచు యంత్రమును మీరెఱుగుదురు. ఎక్స్‌కిరణములతో లోహముల పాళ్లను చెప్పు ఆ జాతి యంత్రములను యంత్రభాగములకును వాడుదురు. కాని ఆ యంత్రమునకు సైతము ఉక్కులోని కర్బనము కనబడదు. నిప్పురవ్వకు కనబడునది దానికి కనబడదు! కనుక ఏ యొక్క పరీక్షను నమ్మి తీర్పు చెప్పరాదు. రెండుమూడు పరీక్షలు ఏకవాక్యముగా పలికినప్పుడే నిర్ణయింపవలెను. సాక్షుల విషయమున మీరు పాటించు ధర్మమే లోహముల విషయమునను చెల్లును.

ఇక తగవు సంగతి. నేను మొదట కరగిన ముద్దను చూచితిని. ఆ ముద్దలో ఇత్తడిజెట్లు చెక్కుచెదరక నిలిచియున్నవి. దేహము కరగి జెట్లు కరగలేదన్న, మంట వేడి తగిలినంతలోనే దేహము లొంగిపోయినదని అర్థము. అల్యూమినియము 660 డిగ్రీలకు కరగును. యశదపు మిశ్రలోహము సుమారు 385 డిగ్రీలకే కరగును. ఇనుమును మనము ఎఱ్ఱగా చూచు వేడి దానికంటె చాల హెచ్చు. కావుననే ఎఱ్ఱదనముకొఱకు కాచుకొన్న కమ్మరికన్ను మోసపోయినది. కాని యిది ముద్దను గూర్చిన మాట. ఆ ముద్ద మార్చి పెట్టినదే యని రైతు వాదము గదా! అప్పుడు రైతు యింటి గూటిలోని చిన్నతునుకను తెప్పించితిని. అది మెకానిక్కు చేతికి ఎన్నడును పోలేదని రైతే యొప్పుకొనెను. కంసాలి త్రాసున అది గాలిలో 8.04 గ్రాములు, నీటిలో 6.84 గ్రాములు తూగెను. తగ్గినది 1.20. భాగింపగా 6.7. అల్యూమినియమైనచో 2.7 రావలెను. యశదమున నూటికి 4 పాళ్లు అల్యూమినియము కలిపి పోసిన మిశ్రలోహమునకు 6.6, 6.7 వచ్చును. సూదంటురాయి అంటలేదు గనుక ఇనుమును గాదు. ఇత్తడిరంగు లేదు. మూడు సాక్ష్యములును ఒక్కటే చెప్పినవి. పిమ్మట కరగిన ముద్దలో ఒక తునుకను కోసి తూచితిమి, అదియు 6.7 దగ్గఱనే నిలిచెను.

అనగా బండితో వచ్చిన కార్బురేటరే యశదముది. ఎవ్వరును దేనిని మార్చలేదు. దొంగతనము లేదు, తెలియమి యున్నది. పెద్దలు మెకానిక్కును నిర్దోషియనిరి. పరీక్షింపక మంటబెట్టినందుకు క్రొత్తభాగపు వెలలో సగము అతడును, తక్కిన సగము రైతును భరింపవలెనని తీర్పుచెప్పిరి. రైతు ఆ పడుచువాని భుజముపై చేయివేసి, “తొందరపడి అన్న, బిడ్డా” అనెను. అంగడి నేటికిని నడచుచున్నది. ఆ అంగడి గోడకు ఇప్పుడొక సూదంటురాయియు, సిర్కాసీసాయు వ్రేలాడుచున్నవి. బల్లపై చిన్నత్రాసు ఉన్నది.

వృద్ధులారా! మీ యూళ్లలో తగవులు భూమికై, నీటికై వచ్చునట్లే ఇకమీద యంత్రములకై కూడ వచ్చును. అట్టి తగవు మీ రచ్చబండ కడకు వచ్చినప్పుడు, మనుష్యులను ప్రశ్నించుటకు ముందు వస్తువును ప్రశ్నింపుడు. దానికి పక్షపాతము లేదు. సరిగా అడిగినచో అది యున్నదున్నట్లు చెప్పును.